సముద్రానికి పైన ఏ ఊరు?

ఆ రోజుల్లో నాకు క్షుణ్ణంగా వచ్చిన విద్య ఒక్కటే, భయపడటం. మూడేళ్ళు నర్సింగు చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్న మాట నిజమే గానీ, సూది వేయడం, బీపీ చూడటం, మంచం పట్టిన మనిషిని నొప్పి తెలియకుండా పక్కకి తిప్పడం, ఇవన్నీ దాని తర్వాతే. లిఫ్ట్ అంటే భయం. ఇంగ్లీషులో ఫోన్ ఎత్తేవాళ్ళంటే భయం. కుక్కలంటే భయం, కుక్కల్ని పిల్లల్లా ఎత్తుకుని తిరిగే మనుషులంటే ఇంకా భయం. ఇన్ని భయాలున్న మనిషి మహారాష్ట్ర కొసన తెలుగు మాట్లాడే మా సిరొంచలో ఇంటిపట్టున ఉండాలి గదా, వెళ్ళి వెళ్ళి ముంబైలో, అదీ సముద్రానికి ఆనుకుని ఉన్న పేటలో ఉద్యోగానికి కుదిరింది. ఆ పేట పేరు చెప్పను. అక్కడివాళ్ళు నన్ను ఇంకా మరిచిపోలేదని ఈ మధ్యే తెలిసింది.

ఆ ఉద్యోగం చూసిపెట్టింది ఏనుగుల మామ. మా అమ్మకి దూరపు వరసలో తమ్ముడు, సొంత ఊరు కమలాపూర్. అక్కడి అటవీశాఖ క్యాంపులో ఏనుగుల దగ్గర కొన్నాళ్ళు కూలిపని చేసి, అందువల్ల లోకంలో దేనికీ భయపడనని చెప్పుకు తిరిగేవాడు. నాకంటే ఒక నెల ముందే ఆ పేటలో ఒక నాలుగంతస్తుల పాత బిల్డింగుకి పగటి వాచ్‌మన్‌గా చేరాడు. కింది ఇంట్లో ఉండే పెద్దావిడకి మనిషి తోడు కావాలని తెలిసి నా పేరు చెప్పాడు. మా నాన్న మూడు రోజులు మాట్లాడకుండా ఆలోచించి చివరికి ఒప్పుకున్నాడు. మా తాత జీవితమంతా ఇంకొకరి మడిలో నాట్లు వేసి, కోతలు కోసి బతికినవాడు. మా ఇంటి నుంచి అంత దూరం ఉద్యోగానికి వెళ్తున్న మొదటి మనిషిని నేనే. బస్సు ఎక్కించేటప్పుడు నాన్న చెప్పింది ఒకటే మాట. "పోతనంటున్నవ్, పో. గని వారం గాకముందే ఏడ్సుకుంట వస్తివో, ఇగ నీ చెల్లెను తాలూకా దాటనియ్య." చెల్లెలు అప్పుడు నర్సింగు మొదటి ఏడు చదువుతోంది. అది కిటికీ పక్కన నిలబడి నన్ను చూసిన చూపుకి నాకు అప్పుడే ఏడుపొచ్చింది. అయితే బస్సు ఇంకా కదలలేదు గనక మింగేశాను.

నేను చేరేసరికి సాయంత్రమైంది. ఆ పేట చూడముచ్చటగానే ఉంది. వరసగా కొబ్బరిచెట్లు, ఉప్పు గాలికి తుప్పుపట్టిన కిటికీ ఊచలు, పాత బిల్డింగుల వెనక ఒకదాన్ని మించి ఒకటి లేస్తున్న కొత్తవి. ఏ పనీ లేకుండా చెమటలు కారేలా నడిచేవాళ్ళు వందలమంది (మా ఊళ్ళో అంత వేగంగా నడుస్తున్నారంటే ఎవరికో బాగాలేదని అర్థం). పెద్దావిడని అందరూ ఆజీ అంటారు, అంటే అవ్వ. ఎనభై దాటింది, మోకాళ్ళు పనిచేయవు, చక్రాల కుర్చీ. చెవిలో మిషన్ పెట్టుకుంటేనే వినబడుతుంది, మధ్యాహ్నం అన్నం తిని అది తీసి డబ్బాలో పెట్టి పడుకుంటుంది. ఆమె కూతురు తాయి ఆ రాత్రే పుణె వెళ్తూ నాకు అప్పగింతలు పెట్టింది. "వారం రోజులు చూస్తాను. బాగుంటే ఉంటావు, లేకపోతే లేదు. అమ్మకి కంగారు కలిగించే మాట ఏదీ చెప్పకు, బీపీ లేస్తుంది. ఏం జరిగినా నవ్వుతూ చెప్పు." (వీళ్ళ మాటలన్నీ మరాఠీవే, నేను తెలుగులో రాస్తున్నాను.) నేను నవ్వుతూ తల ఊపాను.

ఆ రాత్రంతా వెనక గోడ అవతల ఎవరో పెద్ద పెద్ద చాపలు దులుపుతున్నట్టు చప్పుడు. అది సముద్రమని తెలుసు. తెలిస్తే మాత్రం భయం పోతుందా? కళ్ళు మూయకుండా తెల్లవార్చి నాయనమ్మకి ఫోన్ చేశాను. మా ఇంట్లో నీళ్ళ సంగతి అంతా నాయనమ్మదే. మాది ప్రాణహిత ఒడ్డు. ఇప్పుడు మాకంటూ ఉన్న రెండెకరాల వరిమడి కూడా ఆ ఒడ్డునే. వానాకాలం నది లేస్తుంటే నాయనమ్మ గట్టు మీద మూడు కర్రలు పాతుతుంది. మొదటి కర్ర మునిగితే మోటారు విప్పి తెచ్చుకోవాలి. రెండోది మునిగితే పశువుల్ని తోలాలి, వడ్లు అటక మీదికి ఎక్కించాలి. మూడోది మునిగితే ఇక వస్తువుల మాట లేదు, మనుషులే. అందులోనూ ముసలివాళ్ళు ముందు. ఎవరినీ అడగకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. ఈ లెక్క మా ఇంట్లో పిల్లలకి ఎక్కాలకంటే ముందు వస్తుంది.

"సముద్రం మన ప్రాణహిత కంటే పెద్దగుంటదానే?" అంది నాయనమ్మ.

"చాన పెద్దగుంటది నాయనమ్మా. అవతలి ఒడ్డు కనవడది."

"అవతలి ఒడ్డు కనవడకపోతే పొంగినట్టే గదనే. కర్రలు పాతిన్రా అక్కడ?"

"ఇది పెద్ద పట్నం నాయనమ్మా. ఇక్కడెవరు పాతుతరు?"

"పట్నమైతే నీళ్ళకు సిగ్గుంటదా? పోయి పాతు. ముసలామెను నీ చేతుల వెట్టిన్రు."

నేను పాతనని గట్టిగా చెప్పాను. చదువుకున్నదాన్ని, నర్సుని, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు అన్నాను. ఫోన్ పెట్టేసిన పావుగంటకి ఆజీకి చాయ్ ఇచ్చి, వెనక గేటు తీసుకుని ఒడ్డు మీద కొబ్బరి మట్టలు ఏరుతున్నాను. అప్పుడు సముద్రం చాలా దూరంలో ఉంది. గోడ దగ్గర్నుంచి నీళ్ళదాకా ఒక మడి దున్నుకునేంత ఇసుక. నీళ్ళకి పది అడుగుల ఇవతల మొదటి మట్ట పాతాను. ఇసుక మధ్యలో రెండోది. మా గోడకున్న మెట్ల కింద మూడోది. మూడింటికీ పాత చున్నీ చింపి పీలికలు కట్టాను. (ఆ మెట్ల దగ్గరే చెత్తాచెదారం ఒక గీత గీసినట్టు పేరుకుని ఉంది. నది ఒడ్డున పుట్టినదాన్ని, ఆ గీత చూడగానే నీళ్ళు అంతదాకా వచ్చిపోతున్నాయని తెలియాలి. చూశాను, పట్నంవాళ్ళు ఎంత మురికి మనుషులో అనుకున్నాను.) అంతలో మూడో అంతస్తు ఆవిడ కుక్కని చంకనేసుకుని అటు వచ్చి ఆగింది. "సర్వేనా?" అంది. కుక్క నన్నే చూస్తోంది. ఏదంటే తొందరగా వెళ్ళిపోతారో అదే అన్నాను. "అవునండి, సర్వే."

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆజీకి అన్నం పెట్టి, మందులు వేసి, మిషన్ డబ్బాలో పెట్టి పడుకోబెట్టాను. కిటికీలోంచి చూస్తే మొదటి మట్ట కనబడలేదు. ఎవరో పీకి పారేశారు అనుకున్నాను. మళ్ళీ చూశాను. మట్ట ఉండాల్సిన చోట ఇసుకే లేదు, నీళ్ళున్నాయి. ఆకాశం చూశాను, మబ్బు ముక్క లేదు. ఎండ ఫెళఫెళా కాస్తోంది. అదే నన్ను మరీ భయపెట్టింది. ఎందుకంటే మా దగ్గర అసలు ప్రమాదం ఎండలోనే వస్తుంది. మా నెత్తిన వాన పడితే ఎంత ముంచుతుందో మాకు లెక్క తెలుసు. ఎక్కడో పైన పడి, ఇక్కడ బట్టలు ఆరేసుకుంటుండగా నది లేస్తేనే ఊరు ఊరంతా బిక్కచచ్చిపోతుంది. మరాఠీ బడిలో భూగోళం పుస్తకంలో సముద్రపు ఆటుపోట్ల పాఠం నేనూ చదివాను. చంద్రుడి బొమ్మతో సహా రాసి మార్కులన్నీ తెచ్చుకున్నాను. అయితే ఆ బొమ్మలో సముద్రం వేలెడంత లేచింది. మడంత ఇసుక మింగుతుందని ఏ పంతులూ చెప్పలేదు.

రెండు కావస్తుంటే రెండో మట్ట ఊగడం మొదలుపెట్టింది. ఊగి, ఒకసారి తల వంచి, మళ్ళీ లేవలేదు. నాయనమ్మకి ఫోన్ చేశాను.

"నాయనమ్మా, రెండో కర్ర పోయింది."

"వాన వడ్డదా?"

"చినుకు లేదు."

"అయితే పైన వడ్డది. ఆగు, చామోర్షిల మీ పెద్దమ్మకు ఫోన్ కొడ్త, అక్కడ ఎంతున్నదో అడుగుత." అంది నాయనమ్మ అలవాటు కొద్దీ. చామోర్షి మాకు ఎగువన. వానాకాలం అక్కడ, మా ప్రాణహితలోకి వచ్చే వైనగంగ ఎంత ఉందో పెద్దమ్మ ఫోన్‌లో చెబితే, మా దగ్గరికి ఎప్పటికి వస్తుందో నాయనమ్మ వేళ్ళ మీద చెప్పేది. అంతలో తనే ఆగింది. "అది మన గంగకు గద. మరి సముద్రానికి పైన ఏ ఊరే?"

"నాకు తెల్వది నాయనమ్మా."

"పైన ఏ ఊరున్నదో తెల్వకుండ గంత నీళ్ళ పక్కపొంట ఎట్ల పండుకుంటున్రే మీరంత? మూడో కర్ర ఎక్కడున్నది?"

"మెట్ల కాడ."

"నీళ్ళు దాన్ని ముట్టినంక నాకు ఫోన్ చెయ్యకు. ముసలామెను పైకెక్కియ్యి."

ఇప్పుడు చెబితే నవ్వు వస్తుంది గానీ, ఆ ప్రశ్న విన్నప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. నిజమే గదా. పైన అడగడానికి ఒక ఊరు లేదు, ఒక పెద్దమ్మ లేదు. ఎంత వస్తుందో, ఎప్పటిదాకా వస్తుందో చెప్పేవాళ్ళు లేని నీళ్ళు అవి. నేను ముందు గేటు దగ్గరికి పరిగెత్తాను. ఏనుగుల మామ రోడ్డు వైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అతను వచ్చి నెల అవుతున్నా బిల్డింగు వెనక్కి ఒక్కసారి కూడా వెళ్ళలేదు (ఆ చప్పుడు తనకి పడదని తర్వాత ఒప్పుకున్నాడు).

"మామా, రెండు కర్రలు పోయినయ్."

వేరే ఊరి మనిషైతే ఏ కర్రలని అడిగేవాడు. మామ నాలుగు వానాకాలాలు మా ఇంట్లో ఉండి పనిచేసినవాడు, ఒక్క ప్రశ్న వేయకుండా లేచాడు. వెనక్కి వెళ్ళాడు. వచ్చేటప్పటికి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మెట్లకాడికి వచ్చింది కోడలా. ఏనుగు మీదికొస్తే ఎటు ఉరకాల్నో నాకెరుక. దీనికి ఎటు ఉరకాలె?"

"పైకి" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది, నా గొంతు అచ్చం నాయనమ్మ గొంతులా ఉంది.

ఇంట్లోకి వచ్చి ఒక దుప్పటి పరిచాను. ఆజీ మందులు, కళ్ళజోడు, పళ్ళ సెట్టు, చెవి మిషన్ డబ్బా, రెండు చీరలు, గోడ మీది ఆజోబా (ఆజీ భర్త) ఫోటో, మూడు కిలోల బియ్యం, ఉప్పు, అగ్గిపెట్టె, ఒక గిన్నె, బట్టలారేసే తాడు. అన్నీ వేసి మూట కట్టాను. తర్వాత ఆజీని లేపాను. ఏం జరిగినా నవ్వుతూ చెప్పమని గదా తాయి చెప్పింది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ, "ఆజీ, కాస్త గాలికి పైకి వెళ్దామా?" అని సైగ చేశాను. మిషన్ లేదు గనక ఆమెకి ఏమీ వినబడలేదు. నా నవ్వు చూసి మాత్రం కొంచెం వెనక్కి జరిగింది. మామ ఆజీ కూర్చున్న చక్రాల కుర్చీని, నన్ను, మూటని కలిపి లిఫ్టులో తోసి తనూ ఎక్కాడు. లిఫ్ట్ అంటే నాకు ప్రాణభయమని నాలుగో అంతస్తు చేరాక గుర్తొచ్చింది. అక్కడ్నుంచి డాబా మీదికి ఇరుకు మెట్లు. మామ ఒంగి, "అమ్మా, జర నా మెడ గట్టిగ పట్టుకో" అని తెలుగులోనే చెప్పి, ఆజీని వీపు మీద ఎక్కించుకున్నాడు. ఆజీ కూడా ఏ భాషా అడగకుండా పట్టుకుంది. ఎండలో, నీళ్ళ ట్యాంకు నీడన ఆమెని కూర్చోబెట్టాక, మామ పిట్టగోడ దగ్గరికి వెళ్ళి విజిల్ తీసి ఊదాడు. అలా ఇలా ఊదలేదు. కమలాపూర్ ఏనుగులు విన్నా లేచి నిలబడేవి.

భోజనాలు చేసి పడుకున్న బిల్డింగు అంతా ఒక్కసారి లేచింది. "ఏమైంది? ఏమైంది?" అని కేకలు. నేను మెట్ల మీంచి వంగి, నర్సింగులో నేర్పిన మర్యాదంతా మరిచి, "నీళ్ళొస్తున్నాయి, పైకి రండి" అని మరాఠీలో అరిచాను. ఎవరూ నమ్మేవాళ్ళు కాదేమో గానీ, మూడో అంతస్తు ఆవిడ కుక్కతో సహా బయటికి వచ్చి, "పొద్దున సర్వే చేసిన అమ్మాయే చెప్తోంది!" అని కెవ్వుమంది. అంతే. ఐదు నిమిషాల్లో డాబా మీద పది పన్నెండు మంది. పాస్‌పోర్టుల సంచీతో ఒకావిడ, చేతిలో ఒక్క చెప్పుతో ఒకాయన, పొయ్యి మీంచి దించిన పాలగిన్నెతో వంటమనిషి. అందరికంటే చివర నిక్కరుతో, నిద్ర కళ్ళతో బిల్డింగు సొసైటీ సెక్రటరీ సాబ్ వచ్చాడు. అప్పుడే పెద్ద అల ఒకటి గోడకి కొట్టుకుని తుంపర లేచింది. మూడో మట్ట, దాని పీలికతో సహా, నా కళ్ళముందే కొట్టుకుపోయింది. నేను ఆజీ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. నాన్న మొహం, చెల్లెలి మొహం కనబడ్డాయి. దేవుడా, ఈమెని ఏమీ కానివ్వకు, వారం కూడా కాలేదు అనుకున్నాను. ఇందులో కల్పన ఏమీ లేదు, చావు అంత దగ్గరగా నాకు మళ్ళీ ఎప్పుడూ అనిపించలేదు.

"ఏవి నీళ్ళు?" అన్నాడు సెక్రటరీ సాబ్.

కళ్ళు తెరిచి చూపించాను. ఆయన పిట్టగోడ మీంచి కిందికి చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ కిందికి చూశాడు.

"ఇది సముద్రపు పోటు అమ్మాయ్. రోజూ వస్తుంది. రోజుకి రెండుసార్లు వస్తుంది."

పాలగిన్నెతో వచ్చినామె గిన్నె మెల్లగా కింద పెట్టింది. నాకు తల తీసేసినట్టయింది. అలల భయం అక్కడికక్కడే పోయింది, దాని జాగాలో అంతకంటే చల్లటి భయమొకటి వచ్చి కూర్చుంది. సెక్రటరీ సాబ్ అప్పటికే తాయికి ఫోన్ కలిపి, మీ అమ్మగారిని ఎండలో డాబా ఎక్కించారు, వాచ్‌మన్ గేటు వదిలేశాడు, ఇద్దర్నీ ఈ సాయంత్రమే పంపించేయాలి అని చెబుతున్నాడు. మామ నా పక్కన కూలబడ్డాడు. "నెల గూడ నిండలే కోడలా. ఇగ ఊరికి ఏ మొఖం వెట్టుకొని పోవాలె?" అన్నాడు. నాకైతే ఒక్క పగలు కూడా నిండలేదు. నాన్న చెల్లెల్ని తాలూకా దాటనివ్వడు. నాకు నీళ్ళంటే భయమవడం వల్ల దాని చదువు ఆగిపోతుంది. అది తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

అంతసేపూ ఆజీ అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "ఏమిటి? పిక్నిక్కా?" అంది పెద్దగా. అప్పుడామె నా మూట దగ్గరికి లాగి విప్పింది. మిషన్ తీసి చెవిలో పెట్టుకుంది. పళ్ళు పెట్టుకుంది. కళ్ళజోడు పెట్టుకుని, ఆజోబా ఫోటో చూసి, బియ్యం చూసి, తాడు చూసి, "నీ సంచీ ఏది?" అంది.

"కింద."

"నీదేమీ తెచ్చుకోలేదా?"

లేదని తల ఊపాను. డాబా మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అయ్యో అన్నారు. (నా గొప్పతనం ఏమీ లేదని ఇక్కడ ఒప్పుకోవాలి. మరిచిపోయాను. నా సర్టిఫికెట్లన్నీ ఆ సంచీలో ఉన్నాయని ఆమె అడిగినప్పుడే గుర్తొచ్చి, ఇంకో దఫా ఏడ్చాను. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు.)

ఆజీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సంగతంతా చెప్పించుకుంది. కర్రలు, పీలికలు, చామోర్షి పెద్దమ్మ, సముద్రానికి పైన ఏ ఊరన్న నాయనమ్మ ప్రశ్న. అక్కడ కొందరు నవ్వారు. ఆజీ నవ్వలేదు. "మీ దగ్గర వచ్చిన నీళ్ళు ఎప్పుడు పోతాయి?" అని అడిగింది.

"ఒకసారి నాలుగు రోజులకి పోయాయి. ఒకసారి పదకొండు. పోయాక మడి కనబడదు ఆజీ, ఇసుక ఉంటుంది. వరి ఉండదు."

ఆజీ సెక్రటరీ సాబ్ వైపు తిరిగింది. "నాలుగేళ్ళ కింద ఆ పెద్ద వానకి మా ఇంట్లో మోకాళ్ళదాకా నీళ్ళొచ్చాయి, గుర్తుందా? తాయి ఆఫీసులో చిక్కుకుపోయింది. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా డైనింగ్ టేబుల్ మీద కూర్చున్నాను. మీరందరూ పై అంతస్తుల్లో ఉన్నారు. అరిచాను కూడా. ఒక్కరు దిగి రాలేదు." ఆమె గొంతు పెంచలేదు. "ఈ పిల్ల చినుకు పడకముందే నన్ను డాబా ఎక్కించింది. మీ లెక్కలో దీన్ని పంపించాలి. నా లెక్కలో దీన్ని ఉంచుకోవాలి. ఫోన్ ఇలా ఇవ్వు."

కూతురితో ఆమె మాట్లాడింది రెండు ముక్కలే. "ఉంటుంది. వాచ్‌మన్ కూడా." అంతే, ఫోన్ తిరిగిచ్చేసింది. సెక్రటరీ సాబ్ నిక్కరు సర్దుకుంటూ ముందు దిగాడు. మూడో అంతస్తు ఆవిడ మాత్రం వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "రేపు కూడా సర్వే ఉందా?" అంది. ఎత్తిపొడిచిందో, నిజంగానే అడిగిందో నాకు నేటికీ తెలియదు.

అందరూ దిగాక మమ్మల్ని కూడా దింపడానికి మామ లేచాడు. ఆజీ వద్దంది. "కూర్చో. చూసి వెళ్దాం" అంది. ఏం చూడాలో నాకు అర్థం కాలేదు. కూర్చున్నాను. నాలుగు దాటాక గోడకి కొట్టే అల గోడని అందుకోలేకపోయింది. ఆ తర్వాతది ఇంకొంచెం ఇవతలే ఆగింది. మెట్లు తేలాయి. తడి ఇసుక తేలింది. ఎండ పడమటికి వాలేసరికి నా రెండో మట్ట, ఒరిగిపోయి, పీలికతో సహా అక్కడే ఉంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. నీళ్ళు అంత దూరం వచ్చి, గడపదాకా వచ్చి, ఒక గింజ కూడా తీసుకోకుండా, ఎవరూ పొమ్మనకుండా వెనక్కి వెళ్ళిపోవడం నా జన్మలో మొదటిసారి చూడటం. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి ఎందుకో నాకే తెలియలేదు.

సాయంత్రం నాయనమ్మకి ఫోన్ చేసి, "పోయినయ్ నాయనమ్మా, వాటంతట అవే పోయినయ్" అన్నాను.

"ఏం కొంటవోయినయ్?"

"ఏం కొంటవోలే. ఒక్క గింజ గూడ పట్టుకపోలే."

"ఉత్తగనే అచ్చి ఉత్తగనే పోయినయా?" నాయనమ్మ ఎంతసేపటికీ నమ్మలేదు. "మంచిగ సూడు. ఏదో ఒకటి కొంటవోయే ఉంటయ్."

అక్కడ మూడేళ్ళున్నాను. వారం తర్వాత తాయి నన్ను ఉండమందో లేదో గుర్తులేదు, ఆజీ ఆమెకి అడిగే అవకాశం ఇవ్వలేదనుకుంటాను. చెల్లెలు ఇప్పుడు నాగపూర్‌లో నర్సు, దానికి నాకున్నన్ని భయాలు లేవు. ఏనుగుల మామ ఇంకా ఆ గేటు దగ్గరే ఉన్నాడు. రోజూ పోటు వచ్చే వేళలు పలక మీద రాసి గోడకి వేలాడదీస్తాడట. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళకి ఇక్కడ సర్వే ఆఫీసరమ్మ ఒకామె ఉండేదని నా కథ చెబుతాడట. ఆజీ లేదు. చివరి రోజుల్లో కూడా మధ్యాహ్నం కాగానే మూట కట్టవా అని అడిగేది. ఆమె పోయాక ఆ ఇంట్లో ఉండలేక ఇటు వచ్చేశాను. జిమల్‌గట్ట వైపు అడవి పల్లెల్లో తిరిగే నర్సు ఉద్యోగం. లిఫ్టులు లేవు, కుక్కలు నేల మీదే నడుస్తాయి.

మొన్న వానాకాలం ప్రాణహిత లేచింది. సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. నాయనమ్మని, వడ్లని భద్రంగా చేర్చాక, మిట్ట మీద నిలబడి మా రెండెకరాల మీదికి నీళ్ళు ఎక్కుతుంటే చూస్తున్నాం. పొట్ట మీదున్న వరి. పైర్ల కొసలు కాసేపు కనబడ్డాయి, తర్వాత అవీ లేవు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఉన్నట్టుండి నావైపు తిరిగింది.

"ఏం జూస్తున్నవే?"

అప్పుడు తెలిసింది నాకు, నేను వాచీ చూసుకుంటున్నానని. నాలుగు దాటి ఐదు నిమిషాలైంది.

"ఏం లేదు నాయనమ్మా" అన్నాను. అంత దుఃఖంలోనూ, ముంబైలో డాబా మీద, వెనక్కి పోతున్న నీళ్ళని నోరు తెరుచుకుని చూసిన ఆ పిరికిపిల్ల గుర్తొచ్చి నవ్వు వచ్చింది. చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను.